దాచుకోవడానికి ఏమీ లేనప్పుడు ఆ ఒక్క భాగం తీసేయడం ఎందుకు?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మాది గుంటూరు జిల్లా. కొన్నేళ్లుగా అమెరికాలో, టెక్సస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఆ మధ్య సరదాకు లాలాజలం పంపించి డీఎన్‌ఏ పరీక్ష చేయించుకున్నాను. దూరపు బంధువులు ఎవరైనా దొరుకుతారేమోనని ఆ ఫైలును వంశవృక్షాల వెబ్‌సైటు ఒకదానిలో కూడా పెట్టాను. ఇప్పుడు దాన్ని నా పేరు, ఫొటో, ఆరోగ్య వివరాలతో సహా ఎవరైనా దించుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టాలనుకుంటున్నాను. జన్యు పరిశోధనలో మనవాళ్ల సమాచారం చాలా తక్కువని చదివాను. నా వంతుగా ఇస్తే ఎవరికో ఒకరికి ఉపయోగపడుతుంది. నాకు దాచుకోవడానికి ఏమీ లేదు.

ఇంట్లో చెబితే గొడవైంది. హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లెలు "నాకు సంబంధాలు చూస్తున్న సమయంలో ఇదేం పని అన్నయ్యా" అని ఫోను పెట్టేసింది. అమ్మ "నలుగురికీ తెలియడం ఎందుకురా" అంటోంది. అమ్మానాన్నలది మేనరికం. నాన్నకు 52 ఏళ్లకే గుండె కండరం బలహీనపడింది. తాతయ్యకూ గుండె జబ్బే. నా ఫైలును ఒక ఉచిత సాధనంలో వేసి చూస్తే గుండెకు సంబంధించిన మార్పు ఒకటి ఉందని చూపించింది. చెల్లెలికి ఇబ్బంది అనుకుంటే ఆ భాగం తీసేసి మిగతాది పెడతాను. అయినా నా డీఎన్‌ఏ నా ఇష్టం కాదా?
(పేరు వద్దు)

సమాధానం: పెట్టకండి.

కారణాలకు ముందు, మీ ఉత్తరంలోనే ఉన్న చిక్కు ఒకటి చూడండి. దాచుకోవడానికి ఏమీ లేదని రాశారు. ఆ తర్వాతి పేరాలోనే గుండెకు సంబంధించిన భాగం తీసేసి పెడతానన్నారు. అంటే దాచవలసినది ఒకటి ఉందని మీకూ తెలుసు. అది మీ ఒక్కరిది కాదనీ తెలుసు. లేకపోతే చెల్లెలి పేరు చెప్పి తీసేయవలసిన పనేముంది? ఆ అమ్మాయి కోపంతో ఫోను పెట్టేసి ఉండవచ్చు గాని, మీ ఇద్దరిలో గట్టి వాదన ఆమెదే.

ఇక ఆ భాగం తీసేయడం సంగతి. ఈ ఆలోచన మీకంటే ముందు, డీఎన్‌ఏ నిర్మాణాన్ని వెలికితీసిన ఇద్దరిలో ఒకరికి వచ్చింది. జేమ్స్ వాట్సన్ 2007లో తన జన్యుక్రమాన్ని లోకం ముందు పెట్టారు. ఒక్క జన్యువును మాత్రం మినహాయించమన్నారు. దాని పేరు ఏపీఓఈ. వృద్ధాప్యంలో అల్జీమర్స్ వచ్చే ముప్పు ఎంతో కొంత దాన్నిబట్టి తెలుస్తుంది. తన విషయంలో ఆ సంగతి తనకే తెలియకూడదని ఆయన కోరుకున్నారు. మరుసటి ఏడాదే కొందరు పరిశోధకులు, ఆ ఖాళీకి అటూ ఇటూ మిగిలిన అక్షరాలను బట్టి ఖాళీలో ఏముండాలో లెక్కగట్టవచ్చని పత్రం రాశారు. లెక్కగట్టి బయటపెట్టలేదు, అంతవరకు మర్యాద పాటించారు. చివరికి ఆ జన్యువు చుట్టూ దాదాపు 20 లక్షల అక్షరాలను తొలగించవలసి వచ్చింది.

ఎందుకిలా జరుగుతుందంటే, డీఎన్‌ఏ అక్షరాలు ఒక్కొక్కటిగా కాక పెద్ద పెద్ద ముక్కలుగా తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగుతాయి. ఒకే ముక్కలో ఉన్నవి కలిసే ప్రయాణిస్తాయి. పద్యంలో ఒక పదం చెరిపేసినా ఛందస్సు తెలిసినవాడు దాన్ని పూరించగలిగినట్టే, ఇరుగుపొరుగు అక్షరాలు తెలిసిన కంప్యూటర్ మీరు చెరిపిన దాన్ని పూరిస్తుంది. ఇందులో దొంగతనం ఏమీ లేదు. జన్యు పరిశోధకులు రోజూ చేసే పనే ఇది. మీ పరీక్షలో చదివిన అక్షరాలు సాధారణంగా ఆరేడు లక్షలు ఉంటాయి. మొత్తం 300 కోట్లలో అవి పిసరంతే. అయినా వాటి ఆధారంగా, చదవని లక్షలాది స్థానాలను ఊహించే పద్ధతులు ఎప్పటి నుంచో ఉన్నాయి. వాట్సన్ వంటి వ్యక్తికే, చుట్టూ అంతమంది నిపుణులు ఉండగా సరిగ్గా కుదరని పని మీరు ఒక సాయంత్రం కూర్చుని చేయగలరని నేను అనుకోను.

"అయితే పేరు, ఫొటో తీసేసి పెడతాను" అంటారేమో. హార్వర్డ్ జన్యు శాస్త్రవేత్త జార్జ్ చర్చ్ 2005లో మొదలుపెట్టిన పర్సనల్ జీనోమ్ ప్రాజెక్టు గురించి, అంటే ఇష్టపడి చేరినవారి జన్యుక్రమాలను, ఆరోగ్య వివరాలను అందరికీ తెరిచి పెట్టే పథకం గురించి మీరు చదివే ఉంటారు. మీ ఆలోచనకు మూలం అదేనని నా అనుమానం. ఆ ప్రాజెక్టును నేను గౌరవిస్తాను. ఒక కారణం ఏమిటంటే వాళ్లు అబద్ధం చెప్పలేదు. మీ వివరాలు గోప్యంగా ఉంచుతామని హామీ ఇవ్వలేదు. ముందు ఒక పరీక్ష పెట్టి, ముప్పులన్నీ అర్థమయ్యాయని తేలినవారినే చేర్చుకున్నారు. సమ్మతి పత్రంలో రాసిన ముప్పుల్లో ఇదీ ఒకటి: మీ జన్యుక్రమాన్ని బట్టి ఎవరైనా కృత్రిమంగా మీ డీఎన్‌ఏ తయారుచేసి నేరం జరిగిన చోట వదిలిపెట్టవచ్చు. చదవడానికి కథలా ఉంటుంది. కానీ సంతకం పెట్టే ముందే చెప్పారు.

అదే ప్రాజెక్టులో పేర్లు లేకుండా ఉన్న పుటలను 2013లో లటాన్యా స్వీనీ అనే హార్వర్డ్ ఆచార్యురాలు, ఆమె సహచరులు పరిశీలించారు. 579 మంది తమ పుట్టినతేదీ, పిన్‌కోడ్ వంటి తపాలా సంఖ్య, ఆడా మగా అన్న వివరం ఇచ్చి ఉన్నారు. ఆ మూడింటినీ ఓటర్ల జాబితాలతోనూ ఇతర బహిరంగ రికార్డులతోనూ పోల్చితే 241 మందికి పేర్లు దొరికాయి. వాటిలో 84 శాతం సరైనవే. ముద్దుపేర్లను కూడా లెక్కలోకి తీసుకుంటే 97 శాతం. ఇందుకు డీఎన్‌ఏ ముట్టుకోవలసిన అవసరం కూడా రాలేదు. మరీ విచిత్రం, కొందరు పేరు దాచుకున్నామనుకుని పెట్టిన ఫైళ్లను తెరిచి చూస్తే లోపలి ఫైలు పేరులోనే వాళ్ల పేరు ఉంది, పరీక్ష కంపెనీ అలా పెట్టి పంపింది కాబట్టి. మీ ఫైలు పేరు ఒకసారి చూసుకోండి.

అదే ఏడాది యానివ్ ఎర్లిక్ అనే జన్యు శాస్త్రవేత్త బృందం డీఎన్‌ఏనుంచే నేరుగా మనుషులను పట్టింది. తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే వచ్చే వై క్రోమోజోము, పాశ్చాత్య దేశాల్లో ఇంటిపేరు, రెండూ ఒకే దారిలో దిగుతాయి. వంశవృక్షాల సైట్లలో ఇంటిపేర్లతో పాటు వై క్రోమోజోము వివరాలు పెట్టినవారు చాలామంది. పరిశోధన కోసం పేర్లు లేకుండా బయటపెట్టిన అమెరికా జన్యుక్రమాలను వాటితో పోల్చి, వయసు, రాష్ట్రం కలిపి వెతికితే దాదాపు 50 మంది ఎవరెవరో తెలిసిపోయింది. మన ఇంటిపేర్లదీ అదే దారి అని మీకు చెప్పనక్కరలేదు. దత్తతలు, ఇల్లరికాలు ఆ దారిని అక్కడక్కడ తప్పిస్తాయి, అంతే. ఇప్పటికి ఆ సైట్లలో తెలుగు ఇంటిపేర్లు తక్కువ కాబట్టి ఈ పద్ధతి మనమీద అంతగా పారదు. అయితే మీలాంటివారు ఉత్సాహంగా చేరినకొద్దీ ఆ కొరత తీరుతుంది!

మనవాళ్ల సమాచారం తక్కువన్న మాట నిజమే. కానీ బొత్తిగా లేదనుకోకండి. వెయ్యి జీనోముల ప్రాజెక్టు అని ప్రసిద్ధమైన అంతర్జాతీయ పథకం 2015లో 26 జనసమూహాలకు చెందిన 2,504 మంది జన్యుక్రమాలను అందరికీ తెరిచి ఉంచింది. అందులో ఒక సమూహం బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారు, 102 మంది. ప్రపంచంలో ఏ మూల ఏ విద్యార్థి అయినా ఈ పూట ఆ ఫైళ్లను దించుకోవచ్చు. వాటితో పేరు లేదు, వయసు లేదు, జబ్బుల చరిత్ర లేదు, ఫొటో అసలే లేదు. మీరు పెట్టదలచుకున్నది ఇవన్నీ కలిపి. ఎర్లిక్ బృందం పత్రం వచ్చాక, అమెరికా నమూనాల పక్కన ఉన్న వయసు వివరాలను కూడా అక్కడి అధికారులు బహిరంగ పుటల నుంచి తీసేశారు. అంత జాగ్రత్త పడ్డారు వాళ్లు.

ఇప్పుడు మీ చెల్లెలి దగ్గరికి వద్దాం. మీ సాధనం చూపించిన మార్పు ఏదో మీరు రాయలేదు. మన ఉపఖండంలో బాగా తెలిసిన ఒకదాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాలు లోపించే మార్పు ఒకటుంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న పరిశోధన ఒకటి 2009లో దీన్ని బయటపెట్టింది. దక్షిణాసియా ప్రజల్లో సుమారు 4 శాతం మందిలో ఇది ఉంటుంది. ఉన్నవారికి గుండె కండరం బలహీనపడే ముప్పు ఎక్కువ, తరచు నడివయసు తర్వాత. ముప్పు ఎక్కువ అంటే జబ్బు ఖాయమని కాదు.

ఇలాంటి మార్పు ఒకటి మీలో ఉండి, అది మీ నాన్నగారి నుంచి వచ్చిందనుకోండి. అది మీ చెల్లెలికీ వచ్చి ఉండే అవకాశం సగానికి సగం. ఆమె ఏ పరీక్షా చేయించుకోలేదు, ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. మీ పేరు, ఊరు, ఇంటిపేరు, నాన్నగారి జబ్బు, ఇవి ఒకచోట ఉన్న పుటను మధ్యవర్తి ఒకడు అటువైపు ఇంట్లో ఫోనులో చూపిస్తాడు. "ముప్పు ఎక్కువ గాని ఖాయం కాదు" అన్న వివరణ వినడానికి ఆ గదిలో ఎవరూ కూర్చోరు. ఆ సంబంధం ఎందుకు తప్పిపోయిందో మీవాళ్లకు ఎవరూ చెప్పరు కూడా. జాతకాలు కుదరలేదంటారు. ఇలాంటి నష్టానికి రుజువు ఉండదు, అందుకే కోర్టూ ఉండదు.

పెళ్లి అయిపోయాక పెట్టవచ్చా అంటే అప్పుడూ లెక్క మారదు. ఆమెకు పుట్టబోయే పిల్లల డీఎన్‌ఏలో సుమారు పాతిక శాతం మీతో ఉమ్మడిదే.

మేనరికం మాట మీరే ఎత్తారు కాబట్టి ఇంకొకటి. మీ అమ్మానాన్నలు మేనత్త మేనమామ పిల్లలైతే, తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఒకే పూర్వీకుడి ముక్కలు రెండుగా వచ్చి చేరిన భాగాలు మీ జన్యుక్రమంలో సగటున పదహారో వంతు ఉంటాయి. ఫైలు చూసినవాడికి తల్లిదండ్రులు దగ్గరి బంధువులని అవే చెబుతాయి. మన దగ్గర ఇది రహస్యం కాదు, శుభలేఖ చూసినా తెలుస్తుంది. కానీ మేనరికం అంటే ఏమిటో తెలియనివాడి కళ్లకు అది ఎలా కనిపిస్తుందో మీరున్న చోట మీరే ఊహించగలరు. రెండో సంగతి మరీ ముఖ్యం. తరతరాలుగా సొంత కులంలోనే, అందులోనూ కొద్ది కుటుంబాల మధ్యే పెళ్లిళ్లు జరిగితే ఒక మనిషి జన్యుక్రమం ఆ సమూహం మొత్తం గురించి మాట్లాడుతుంది. సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2017లో దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించారు. వాటిలో 81 సమూహాల్లో, కొద్దిమంది పూర్వీకుల నుంచే అందరూ వచ్చిన జాడ ఫిన్లాండ్ ప్రజల్లో కంటే, యూరప్‌లో స్థిరపడ్డ అష్కెనాజీ యూదుల్లో కంటే బలంగా కనిపించింది. అందులో ప్రస్తావించిన వైశ్యుల సంగతి తెలుగు మత్తువైద్యులకు ముందే తెలుసు. కొన్ని కుటుంబాల్లో బ్యూటిరిల్‌కోలినెస్టెరేజ్ అనే ఎంజైమ్ లోపం ఉండి, ఆపరేషన్ సమయంలో సక్సినైల్‌కోలిన్ అనే కండరాలు సడలించే మందు ఇస్తే దాని ప్రభావం ఎంతకీ వదలదు. ఈ సంగతి తెలిసి ఉండటం ప్రాణం కాపాడుతుంది. తెలియవలసింది డాక్టరుకు, ఆ కుటుంబానికి. ఇంటర్నెట్‌లో ఫొటో పక్కన వేలాడదీస్తే ఆ మేలు ఒక్క పిసరు కూడా పెరగదు.

పోలీసుల విషయంలో నా మనసు రెండు వైపులా లాగుతుంది, దాచను. కాలిఫోర్నియాలో 1970, 80 దశకాల్లో 13 హత్యలు, ఎన్నో అత్యాచారాలు చేసిన జోసెఫ్ డిఏంజెలో 2018 ఏప్రిల్‌లో దొరికాడు. ఒకప్పుడు పోలీసు ఉద్యోగం చేసినవాడే. దొరికింది తన డీఎన్‌ఏ ఎక్కడో పెట్టుకున్నందువల్ల కాదు. దూరపు బంధువులు వంశవృక్షాల సైట్లలో పెట్టుకున్న వివరాల వల్ల. అందులో ప్రధానంగా వినిపించిన పేరు జెడ్‌మ్యాచ్. వాడు దొరికినందుకు ఎవరికి మాత్రం సంతోషం ఉండదు? అయితే అదే ఏడాది ఎర్లిక్ బృందమే మరో లెక్క చూపింది. సుమారు 13 లక్షల మంది ఉన్న ఒక జాబితాలో వెతికితే యూరప్ మూలాలున్న అమెరికన్లలో 60 శాతం మందికి మూడో తరం దాయాది (ముత్తాత తండ్రి దగ్గర కలిసే బంధువు) గాని, అంతకంటే దగ్గరివారు గాని తగులుతారు. ఒక జనాభాలో 2 శాతం పెద్దవారు చేరితే చాలు, ఆ జనాభాలో దాదాపు ప్రతి ఒక్కరి బంధువూ అందులో ఉన్నట్టే.

మీరు ఇప్పటికే మీ ఫైలును అలాంటి సైటులో పెట్టారు. నిబంధనలు ఎలా మారుతాయో చూడండి. జెడ్‌మ్యాచ్ 2019 మేలో, సభ్యులు ప్రత్యేకంగా ఒప్పుకుంటేనే వారి వివరాలు పోలీసుల వెతుకులాటలో కనిపించేలా మార్చింది. ఆ ఏడాది చివర్లోనే నేర పరిశోధనకు పరికరాలు అమ్మే ఒక కంపెనీ చేతికి వెళ్లింది. 2020 జులైలో ఎవరో హ్యాకర్లు జొరబడి సెట్టింగులన్నీ తారుమారు చేయడంతో, వద్దన్నవారి వివరాలు కూడా కొన్ని గంటలపాటు పోలీసు వెతుకులాటకు తెరిచి ఉన్నాయి. మీరు ఎంత ఆలోచించి టిక్కు పెట్టినా ఆ టిక్కు మీ చేతిలో ఉండదు.

ఇక చట్టం. అమెరికాలో 2008 నాటి జీనా చట్టం మిమ్మల్ని కొంత కాపాడుతుంది. జన్యు సమాచారాన్ని చూసి ఆరోగ్య బీమా కంపెనీలు వివక్ష చూపకూడదు, 15 మంది గాని, అంతకంటే ఎక్కువ గాని ఉద్యోగులున్న యజమానులూ చూపకూడదు. జీవిత బీమా, అంగవైకల్య బీమా, వృద్ధాప్యంలో దీర్ఘకాల సంరక్షణకు తీసుకునే బీమా, ఈ మూడూ దాని పరిధిలో లేవు. ఫ్లోరిడా రాష్ట్రం 2020లో ఈ లోటును తనవరకు పూడ్చుకుంది. మీరున్నది టెక్సస్‌లో. ఇంటి అప్పు తీసుకుని, పిల్లలు పుట్టాక జీవిత బీమాకు వెళతారు కదా, అప్పుడు ఈ సంగతి గుర్తొస్తుంది.

మీ చెల్లెలు ఉన్నది హైదరాబాద్‌లో. జీనా ఆమెకు అక్కరకు రాదు, జన్యు వివక్షను నిషేధిస్తూ మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు, ఒక గుండె కండర వ్యాధి కేసులో, జన్యు వ్యాధులన్న పేరుతో ఆరోగ్య బీమా క్లెయిమును గంపగుత్తగా తోసిపుచ్చడం రాజ్యాంగ విరుద్ధమంది. ఆ తర్వాత బీమా నియంత్రణ సంస్థ కూడా కంపెనీలకు ఆ మేరకు ఆదేశమిచ్చింది. మంచిదే. కానీ అది ఆరోగ్య బీమా సంగతి. జీవిత బీమా దరఖాస్తులో తల్లిదండ్రుల జబ్బులు, వారు ఏ వయసులో పోయారు అన్న గడులు ఇప్పటికీ ఉంటాయి, మీరు చూసే ఉంటారు.

మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉంది కదా అని ఎవరైనా అంటే, దాని మూడో సెక్షన్ చదవమనండి. తన సమాచారాన్ని ఎవరైనా తానే బహిరంగపరచుకుంటే ఆ సమాచారానికి ఈ చట్టం వర్తించదని అందులో స్పష్టంగా ఉంది. యూరప్ చట్టం జన్యు సమాచారాన్ని ప్రత్యేక రక్షణ పొందే తరగతిలో చేర్చింది. అయినా అక్కడ కూడా మనిషి తానే బాహాటంగా బయటపెట్టుకున్నదానికి ఆ ప్రత్యేక నిషేధం నుంచి మినహాయింపు ఉంది. అంటే మీరు ఫైలును తెరిచి పెట్టిన క్షణంలో దానికి ఉన్న కంచెను మీ చేతులతోనే పీకేసినట్టు. మీ చెల్లెలి గురించి ఆ ఫైలు ఏం చెబుతుందన్నది ఈ చట్టాల లెక్కలోకే రాదు, ఎందుకంటే ఫైలు మీద ఉన్నది మీ పేరు.

తర్వాత మనసు మారితే తీసేస్తాను అనుకుంటున్నారా? ఓపెన్‌ఎస్‌ఎన్‌పీ అని 2011 నుంచి ఒక సైటు ఉండేది. మీలాంటి ఉదారులు వేలమంది తమ ఫైళ్లను అక్కడ అందరికీ ఇచ్చారు. 2025 ఏప్రిల్ 30న దాన్ని నడిపినవారే మూసేసి, ఉన్నదంతా చెరిపేశారు. నిరంకుశ ప్రభుత్వాలు పెరుగుతున్న కాలంలో ఇలాంటి సమాచారం తెరిచి ఉంచడం వల్ల లాభం కంటే ముప్పే ఎక్కువని వారి నిర్ణయం. తెరిచి పెట్టాలన్న ఆదర్శంతో మొదలుపెట్టినవారు ఈ మాట అన్నారని గమనించండి. వారు చెరిపింది వారి దగ్గర ఉన్న ప్రతిని. పద్నాలుగేళ్లలో ఎవరెవరో దించుకున్న ప్రతులు ఎవరి దగ్గర ఉన్నాయో ఎవరికి తెలుసు?

తాళం వేసి ఉంచిన చోటు కూడా పూర్తిగా భద్రం కాదు. డీఎన్‌ఏ పరీక్షలు చేసే 23అండ్‌మీ కంపెనీలో 2023లో దొంగలు, వేరే సైట్లలో లీకైన పాస్‌వర్డ్‌లను ప్రయోగించి సుమారు 14,000 ఖాతాల్లోకి దూరారు. బంధువులను చూపించే సదుపాయం ద్వారా వాటినుంచి 69 లక్షల మంది వివరాలు చేజిక్కించుకున్నారు. అష్కెనాజీ యూదుల జాబితా, చైనా మూలాలున్నవారి జాబితా అని విడదీసి మరీ అమ్మకానికి పెట్టారు. జాతిని బట్టి జాబితా అంటే దేనికి పనికొస్తుందో కులం తెలిసిన మనకు వేరే చెప్పాలా? ఆ కంపెనీ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. కోటికి పైగా మంది ఉమ్మి నమూనాలు, వివరాలు కోర్టు పర్యవేక్షణలో వేలం దాకా వెళ్లాయి. చివరికి ఆ కంపెనీ స్థాపకుల్లో ఒకరే ఏర్పాటు చేసిన లాభాపేక్ష లేని సంస్థ 30.5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఈసారికి అలా జరిగింది.

ఇన్ని చెప్పి, మీ మంచి ఉద్దేశాన్ని వదిలేయమని నేను అనడం లేదు. ఇవ్వడం వేరు, వీధిలో పెట్టడం వేరు. హెన్రియెటా లాక్స్ కుటుంబం కథ ఇక్కడ పనికొస్తుంది. 1951లో గర్భాశయ ముఖ క్యాన్సర్‌తో పోయిన ఆ నల్లజాతి మహిళ కణాలను ఆసుపత్రిలో ఆమెను అడగకుండా తీసుకున్నారు. హీలా కణాల పేరుతో ప్రపంచంలోని ప్రయోగశాలలన్నీ వాటిని వాడుకున్నాయి. 2013 మార్చిలో యూరప్ శాస్త్రవేత్తలు ఆ కణాల జన్యుక్రమాన్ని ఇంటర్నెట్‌లో పెట్టేశారు, బతికున్న మనవలు, ముని మనవల సంగతి తలచుకోకుండా. కుటుంబం అభ్యంతరం చెప్పాక తీసేశారు. ఆ ఆగస్టులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ కుటుంబంతో ఒక ఒప్పందం చేసుకుంది. జన్యుక్రమం పరిశోధకులకు అందుతుంది, కాని అడిగినవారికి, కారణం చెప్పినవారికి మాత్రమే. ఆ అభ్యర్థనలు చూసే సంఘంలో కుటుంబ సభ్యులు ఇద్దరు కూర్చుంటారు. కుటుంబం పరిశోధన ఆపమనలేదు. తమను అడగమంది.

మీకూ అలాంటి దారులే చెబుతాను. అమెరికాలో నివసించే పెద్దవారి కోసం అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ నడుపుతున్న ఆల్ ఆఫ్ అజ్ పథకం వంటివి ఉన్నాయి. పేర్లు తొలగించి, నమోదైన పరిశోధకులకు మాత్రమే, నిబంధనలకు లోబడి చూపిస్తారు. మన దేశంలో జీనోమ్ ఇండియా పథకం 10,000 మంది జన్యుక్రమాలను చదివి 2025 జనవరిలో ఫరీదాబాద్ సమీపంలోని భారతీయ జీవ సమాచార కేంద్రం ద్వారా పరిశోధకులకు తెరిచింది. అక్కడ కూడా దరఖాస్తు పెట్టుకోవాలి. తెలుగువారి జన్యుక్రమాలు పరిశోధనలోకి చేరవలసింది ఇలాంటి తలుపుల గుండా. ఏడు లక్షల అక్షరాల ఒంటరి ఫైలు, అందునా ఒక్కరిది, ఏ శాస్త్రవేత్తకూ పెద్దగా అక్కరకు రాదు. మీ ఉదారత్వం మీద నీళ్లు చల్లుతున్నానని అనుకోవద్దు, నిజం చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు చేయవలసింది వేరే ఉంది, దాన్ని మీరు ఉత్తరం చివర్లో అలా తాకి వదిలేశారు. ఆ ఉచిత సాధనం చూపించినదాన్ని నమ్మకండి, కొట్టిపారేయకండి. ఇలాంటి పరీక్షల ముడి డేటాలో కనిపించిన మార్పులను వైద్య ప్రయోగశాలలో మళ్లీ చూస్తే 40 శాతం అసలు లేనే లేవని 2018లో ఒక అమెరికన్ ప్రయోగశాల ప్రచురించిన పత్రంలో తేలింది. చూసినవి కొద్ది నమూనాలే, అయినా తోసిపుచ్చలేని సంఖ్య. అంటే మీరు లేని జబ్బును చెల్లెలికి అంటగట్టబోయి ఉండవచ్చు కూడా. మరోవైపు నాన్నగారికీ తాతగారికీ గుండె జబ్బు ఉన్న మాట వాస్తవం. కాబట్టి మొదట పరీక్ష జరగవలసింది నాన్నగారికి, గుండె వైద్యుడి సలహాతో, జన్యు సలహాదారు ఉన్న చోట. ఆయనలో ఏదైనా మార్పు ఖాయంగా తేలితే మీరు, చెల్లెలు అదొక్కటే చూపించుకుంటే సరిపోతుంది. చూపించుకోవాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. ఎకో పరీక్ష మాత్రం ఇద్దరూ చేయించుకోవచ్చు, దానికి డీఎన్‌ఏ అక్కరలేదు.

ఈ వారంలో చేయవలసిన చిన్న పనులు కొన్ని ఉన్నాయి. వంశవృక్షాల సైటులోని ఫైలును తొలగించండి. బంధువులను వెతకాలన్న కోరిక అంత బలంగా ఉంటే, కనీసం అసలు పేరు, ఊరు తీసేసి, పోలీసు వెతుకులాటకు ఒప్పుకున్నారో లేదో చూసుకోండి. పరీక్ష చేసిన కంపెనీలో పరిశోధనకు ఇచ్చిన సమ్మతి ఏమిటో చదవండి. మిగిలిన ఉమ్మి నమూనాను నాశనం చేయమని అడిగే వీలు చాలా కంపెనీల్లో ఉంటుంది, అడగండి. పాస్‌వర్డ్ వేరే ఎక్కడా వాడనిది పెట్టుకోండి, ఫోనుకు వచ్చే ఓటీపీతో రెండో తాళం కూడా పెట్టండి. ఆ ఉచిత సాధనం మీ ఫైలును తన దగ్గర ఉంచుకుందేమో కూడా విచారించండి. ఉచితంగా చదివిపెట్టేవారికి ఫైలే ఫీజు కావడం మామూలే.

ఎప్పటికీ బహిరంగంగా పెట్టకూడదా అంటే, పెట్టవచ్చు అనే సందర్భం ఒకటి నాకు కనిపిస్తుంది. అమ్మ, నాన్న, చెల్లెలు, పైన చెప్పినవన్నీ తెలుసుకుని, ఎవరి ఒత్తిడీ లేకుండా, సరే అనాలి. "అన్నయ్య అడిగాడు కాదనలేక" అన్నది సరే కిందికి రాదు. ఆ సంభాషణ మొదలుపెట్టేటప్పుడు మీ ప్రాజెక్టు గురించి కాకుండా ఆ సాధనం ఏం చూపించిందో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో ముందు చెప్పండి. చెప్పే ముందు, తెలుసుకోవాలని ఉందా అని చెల్లెలిని అడగండి. వద్దంటే అక్కడితో ఆపి, నాన్నగారిని ఎప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలో మాట్లాడుకోండి.